పలక మీద దవడ

ఎల్లారెడ్డి నుంచి కబురు వచ్చిన పొద్దున నేను తునికాకు తడిపి గోనెసంచిలో చుడుతున్నాను. పెళ్లిళ్లకు బ్యాండు మేళం నడిపే మాస్టరు గేటు బయటే నిలబడి చెప్పాడు.

"అవ్వా, నీ ఇంట్ల కిరాయికుండె చూడు, గిటారాయన, పోయిండు. నేటికి నాలుగొద్దులు. గుండె ఆగిందట."

చెప్పి, మంచినీళ్లు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు. నేను చేసే పని ఆపలేదు. తడి గోనె చివర్లు లోపలికి మడిచి దాని మీద రాయి పెట్టాను. అప్పుడు నా చేతులు చూసుకున్నాను. ఇవే చేతులు. గోనె కూడా దాదాపు అదే. ఇక ఆ రోజు చుట్టిన బీడీ ఒక్కటీ సరిగ్గా కుదరలేదు, విప్పడం చుట్టడం, విప్పడం చుట్టడం.

అతని పేరు రాయను. బతికున్నప్పుడూ నేను పేరుపెట్టి పిలవలేదు. మా వీధిలో అందరూ పలకాయన అనేవారు, ఆ పేరు నేను పెట్టిందే. నేను చదివింది రెండో తరగతి. పలక తప్ప వేరే చదువు సామాను ఎరగను. రెండువేల తొమ్మిదిలో, వానలు ఎగ్గొట్టిన ఏడు, కామారెడ్డిలో మా ఇంటి ముందు గదిలోకి అతను దిగాడు. నలభై దాటిన మనిషి, ఒంటరి. సంచిలోంచి గిటారు తీసి మంచం మీద పెట్టాడు. అప్పటిదాకా నేను చూసిన గిటార్లకు సొరకాయ బుర్రలాగా పొట్ట ఉండేది, పొట్టకు రంధ్రం ఉండేది. దీనికి అవేవీ లేవు. మూడు వేళ్ల మందాన ఒకే గట్టి చెక్క, ఒక పక్కన మేక కొమ్ములాగా పొడుచుకొచ్చి ఉంది.

"ఇదేంది, పలక లెక్కున్నది? దీని పొట్టేది?" అన్నాను.

పొట్ట లేదన్నాడు. కరెంటు పెడితేనే పలుకుతుందట. నేను అప్పుడే నా రెండు షరతులు చెప్పాను. నా ఇంట్లో ఒక బల్బుకు తప్ప దేనికీ కరెంటు వాడొద్దు. చప్పుడు చేయొద్దు, నేను బీడీ కట్టలు కట్టేటప్పుడు లెక్క తప్పుతుంది. అతను నవ్వాడు.

"గీ గిటారుకు ఆ రెండూ ఒక్కటే అవ్వా."

కరెంటు లేకపోతే ఆ పలకకు నోరు లేదు. తీగ మీటితే దోమ రెక్కంత సవ్వడి. అతను మంచం పట్టె మీద కూర్చుని, పలకను నిలువుగా ఎత్తి, దాని కొమ్ముకు దవడ ఆనించి, కళ్లు మూసుకుని వాయించుకునేవాడు. పళ్లు సలిపేవాడు గోడకు చెంప ఆనించినట్టు ఉండేది. మొదటి వారం నేను నిజంగా పంటి నొప్పే అనుకుని ఒక లవంగం ఇచ్చాను. తీసుకుని పంటి కింద పెట్టుకున్నాడు. మరునాడు ఇస్తే మళ్లీ తీసుకున్నాడు. నాలుగు రోజుల తరువాత నేను "తగ్గిందా" అని అడిగితే అప్పుడు చెప్పాడు, నొప్పేమీ లేదని, చెక్కలోంచి పాట ఎముకలోకి వస్తుందని, చెవితో పని లేదని. మరి లవంగాలెందుకు నమిలావని కోపం చేశాను. ప్రేమతో ఇచ్చిన దాన్ని కాదంటే బాగుండదని ఊరుకున్నాడట. నాలుగు లవంగాలు దండగ.

ఒకసారి నన్ను కూడా పిలిచాడు. "అవ్వా, జర గీ కొమ్ము మీద దవడ పెట్టి విను."

"నాకున్నయే నాలుగు పండ్లు. అవి గూడ నీ పలకకే రాలగొట్టుకోవాల్నా?" అన్నాను.

మళ్లీ మళ్లీ అడిగే మనిషి కాదు. ఆ ఒక్కసారే అడిగాడు.

అతని వేళ్లు ఏనాడూ కుదురుగా ఉండేవి కావు. గేటు ఊచల మీద, చెంబు అంచు మీద, నీళ్ల డ్రమ్ము మూత మీద, ఎడమ చేతి నాలుగు వేళ్లూ నడుస్తూనే ఉండేవి. అన్నం నిలబడి తినేవాడు. కాలు ఊపితే దరిద్రం అంటారు, వేళ్లు ఊపితే ఏమవుతుందో మా పెద్దలు చెప్పలేదు. అయినా తిట్టేదాన్ని. తిట్టినంతసేపు ఆపేవాడు. నేను చాటలోకి తల దించగానే మళ్లీ మొదలు. చూసి చూసి నాకు కూడా ఏదో కుదురు తప్పినట్టుండేది.

ఏ దేవుడి పాటలు అవి అని అడిగాను. దేవుడివి కావు, జాజ్ అంటారన్నాడు. ఎక్కడో దూరదేశంలో నల్లవాళ్లు పుట్టించిన పాటట. నాకు అర్థం కాలేదని తెలిసి, వాకిట్లో బీడీలు చుడుతున్న మమ్మల్ని అయిదుగురినీ చూపించాడు.

"మీరు బీడీలు చుట్టుకుంట ఒక ముచ్చట ఎత్తుకుంటరు గద. ఒకామె ఇడిశిపెడితే ఇంకొకామె అందుకుంటది. మేనత్త కాడ మొదలైన ముచ్చట బర్రె కాడికి పోతది, బాయి కాడికి పోతది. ఆఖర్కి ఎవలో ఒకలు మళ్లా మేనత్త కాడికే తెస్తరు. గదే జాజ్."

"గట్లయితే మేము ఊకెనే వాయిస్తున్నం. నువ్వు పైసలు తీసుకుంటున్నవ్," అంది మా పక్కింటామె. అందరం నవ్వాం. అతను అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆ పాటను పొట్ట గిటారు మీదే వాయించాలని రివాజట. అతనికి నేర్పిన గురువు సికింద్రాబాదులో ఉండేవాడు, వయసు మళ్లినవాడు. ఆయన దగ్గర ఉన్నది పెద్ద పొట్ట గిటారు. కానీ ఇతని బతుకుతెరువేమో బరాత్‌లలో, పెళ్లి ఊరేగింపుల్లో. ట్రాలీ మీద జనరేటరు, మనిషి ఎత్తు స్పీకరు డబ్బాలు, వాటి ముందు నిలబడి వాయించాలి. పొట్ట గిటారును అంత మోత ముందు నిలబెడితే ఆ మోత పొట్టలో దూరి, తనంతట తానే ఊళ పెడుతుందట. పలకకు ఆ బాధ లేదు. అందుకని పలక కొన్నాడు. దాన్ని పొట్ట గిటారులాగా పలికించడానికి అతను పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. గరుకు తీగలు తీసేసి నున్నటివి వేశాడు. నా దగ్గర పాత చీర అంచు ముక్క అడిగి తీసుకుని, తీగల కింద చివర్లో కుక్కాడు, మోగిన తీగ తొందరగా ఊరుకోవాలట. ఊరికే పారేసే గుడ్డ కాదు, బొంతకు పనికొచ్చేది. అయినా ఇచ్చాను.

ఒక సాయంత్రం బరాత్ మా వీధిలోంచే పోయింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. డప్పులు తీన్మార్ కొడుతున్నాయి, పెళ్లికొడుకు చుట్టాలు ఎగురుతున్నారు. అతను ట్రాలీ పక్కన ఒక కాలి మీద బరువు వేసి, నేల చూపులు చూస్తూ వాయిస్తున్నాడు. అందరికీ తెలిసిన పాటే. తెలిసింది కదా అనుకునేలోగా అది పక్క సందులోకి తప్పుకున్నట్టయింది. ఎగిరేవాళ్ల కాళ్లు తడబడ్డాయి. పెళ్లికొడుకు మేనమామ వచ్చి అతని భుజం పట్టి ఊపాడు.

"ఏందివయా, పాట తప్పుతున్నవ్?"

"తప్పు గాదు బాపు. ఇంక ఇల్లు చేరలే," అన్నాడు, వేళ్లు ఆపకుండానే.

అంతలోనే చేరింది. డప్పు కొట్టే ముసలాయన ఒక్కడు తల తిప్పి అతన్ని చూసి, పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. మేనమామ మాత్రం మాస్టరుతో గొడవ పెట్టుకున్నాడు. తప్పు కాదు, ఇంకా ఇల్లు చేరలేదు. ఆ మాట అతని నోట ఎన్నిసార్లు విన్నానో. బస్సు తప్పిపోయినా అదే, కూర మాడినా అదే.

ఇక నేను చెప్పాల్సింది చెప్తాను. రెండేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

రెండువేల పన్నెండు ఎండాకాలం అతను సికింద్రాబాదు పోయి నల్లటి పెద్ద పెట్టె తెచ్చాడు. అందులో గురువు గారి పొట్ట గిటారు. చేతులు వణికి ఆయన ఇక వాయించలేకపోతున్నాడట. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో జాజ్ వాయించే నలుగురిలో ఒకతను మానేస్తే, ఆ చోటికి ఇతని పేరు చెప్పాడట. వాళ్లు ఒకటే మాట అన్నారు, పలక తేవద్దు, పొట్ట గిటారు తెమ్మని. జాజ్ అంటే జనం కళ్లకు కూడా అదే కనబడాలట. గురువు తన గిటారే ఇచ్చి పంపాడు. పదిహేను రోజుల్లో పోవాలి. నెలనెలా జీతం, బరాత్‌ల వెంట ఎండలో నడిచే పని తప్పుతుంది.

అతను ఆ గిటారును నాకు చూపించాడు. తేనె రంగు చెక్క, కొడవలి వంపుల్లాంటి రెండు సన్న రంధ్రాలు, వీపు మీద అద్దంలా మెరుపు. చూస్తే నాకే ముచ్చటేసింది. అప్పటికే ఒప్పుకున్న పెళ్లిళ్లు ఉన్నాయని, పలక తీసుకుని ఆరు రోజుల కోసం ఎల్లారెడ్డి బయలుదేరాడు. అక్కడ అతని చెల్లెలు ఉంటుంది.

"అవ్వా, దీన్ని నీడకుండనీ. ఎవర్నీ ముట్టనియ్యకు," అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఆ ఎండలు మామూలు ఎండలు కావు. రేకుల గది. రెండో రోజు మధ్యాహ్నం గదిలోంచి టక్కుమని చప్పుడు వినబడింది. పోయి పెట్టె తెరిచాను. రంధ్రం పక్కన మెరుపు మీద వెంట్రుకంత గీత కనబడింది. గోటితో తాకితే తెలుస్తోంది. ఎండిన ఆకు అట్లానే చిట్లుతుంది. మొదట వెంట్రుకంత, తరువాత రెండు ముక్కలు. యాభై ఏళ్లుగా ఈ చేతులకు తెలిసిన విద్య ఒకటే, ఎండి చిట్లే దాన్ని తడిపి చుట్టిపెట్టాలి. కొత్త గోనె కూడా కాదు, ఆకు చుట్టి చుట్టి మెత్తబడిన పాత గోనె చూసి తడిపాను, పిండాను, గిటారుకు చుట్టూ చుట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చిలకరించాను. ఎవరూ చెప్పకుండానే మంచి పని చేశానని మనసులో గొప్పగా కూడా అనుకున్నాను. నాలుగు రోజులు.

అతను వచ్చే పొద్దున విప్పాను. వీపు పూరీలాగా ఉబ్బి ఉంది. అతుకు విడిపోయి, పక్కన నా వేలు దూరేంత సందు. మెరుపు పాలు పోసినట్టు తెల్లబడింది. గబగబా పొడిగుడ్డతో తుడిచాను. గోనె తీసుకుపోయి కట్టెల వెనుక దాచాను. పెట్టెలో పెట్టి మూసి, వాకిట్లో వచ్చి కూర్చుని, కత్తెర పట్టుకున్నాను.

అతను పెట్టె తెరిచాడు. తరువాత గిటారును రెండు చేతుల మీద ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాడు. నేను తల ఎత్తకుండానే "ఎండకు పగిలింది" అన్నాను. నా జీవితంలో నేను ఆడిన పెద్ద అబద్ధం అది. అతను దాని వీపు అరచేత్తో నిమిరాడు. విడిపోయిన సందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. నన్ను చూశాడు. నా ముందున్న చాటను, తడి ఆకును చూశాడు.

"ఎండలు గట్లనే ఉన్నయి అవ్వా," అన్నాడు.

పలక తీసుకునే హైదరాబాదు పోయాడు. మూడో రోజు తిరిగి వచ్చేశాడు. ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పక్కింటామె అడిగింది. వాయింపు బాగానే ఉంది కానీ పొట్ట గిటారుతో రమ్మన్నారట. ఈ పలకే నాది అని చెప్పి వచ్చాడట. అడిగింది ఆమె అయినా, అతను నా వైపు చూసి చెప్పాడు.

"పొట్ట ఉన్నదానికి దాని ముచ్చట దానికుంటది. మనం ఒకటంటే అది రెండంటది. పలక గట్ల గాదు, నేనెంత చెప్తే గంతే చెప్తది. నాకు గదే మంచిగనిపిస్తది."

ఆ మాట నిజంగా అన్నాడా, నా కోసం అన్నాడా? అన్నం తింటుంటే అదే ఆలోచన, ఆకు కత్తిరిస్తుంటే అదే. అతను గది గడపలో దవడ ఆనించి కూర్చుంటే చూడలేకపోయేదాన్ని. నీళ్లు ఎక్కువ పోస్తున్నావని తిట్టాను. గేటు గడియ సరిగా వేయలేదని తిట్టాను. తిట్టినప్పుడల్లా "సరే అవ్వా" అనేవాడు. ఒక్కసారి తిరిగి ఒక మాట అంటే నా గుండె తేలికయ్యేదేమో. అనలేదు. నెల దాటాక, మా మనుమరాలు చదువుకోవడానికి వస్తోంది, గది కావాలి అన్నాను. ఏ మనుమరాలూ రాలేదు. అతనూ అడగలేదు. పలక భుజాన వేసుకుని, పగిలిన గిటారు పెట్టె చేత పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాడు. ఆ గది నేను మళ్లీ ఎవరికీ కిరాయికివ్వలేదు. నా వంటి మనిషి గది ఖాళీగా ఉంచిందంటే మా కోడలు ఇప్పటికీ విడ్డూరంగా చెప్పుకుంటుంది.

బ్యాండు మాస్టరు చెప్పిపోయిన మరునాడు నేను ఎల్లారెడ్డి పోయాను. బస్సులో కిటికీ ఊచ మీద నా వేళ్లు నడుస్తున్నాయని పక్కన కూర్చున్నామె నా చేతిని చూసేదాకా తెలియలేదు.

చెల్లెలు ఇల్లు బస్టాండు వెనకాలే. నేను ఎవరో చెప్పకముందే నా వేళ్ల కొసల నలుపు చూసి, "నువ్వు కామారెడ్డి అవ్వవా?" అంది. లోపలికి తీసుకుపోయింది. గోడకు రెండు గిటార్లూ వేలాడుతున్నాయి. పొట్ట గిటారు దగ్గరికి పోయి, దాన్ని వెనక్కి తిప్పి చూశాను. వీపు సమంగా ఉంది. అతుకు కనబడీ కనబడకుండా ఉంది.

"ఇది మంచిగయిందా?" అన్నాను.

"ఎప్పుడో అయింది. ఈడికొచ్చిన నెలకే కట్టెపని జేసే మా వడ్లాయనతో అతికిచ్చిండు. హోటలోల్లు మల్ల పిలిచిండ్రు గూడ. పోలే."

"ఎందుకు పోలే?"

"నాల్గొద్దులు వాయించి చూసిండు. మంచిగనే ఉన్నది గని నాది గాదు అన్నడు. గోడకు తగిలిచ్చిండు."

నేను దాన్ని మళ్లీ ఇటు తిప్పి చూశాను. పొట్ట గిటారు తీగలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, చేయి ఆనే చోట మెరుపు చెక్కుచెదరలేదు. పలక అట్లా లేదు. మోచేయి రాసుకున్న చోట రంగు పోయి చెక్క బయటపడింది. కొమ్ము మీద దవడ ఆనించిన చోట గుంటలాగా నునుపు తేలింది. నా చీర అంచు ముక్క తీగల కింద ఇంకా ఉంది, నీలం రంగు వెలిసిపోయి.

అయితే నిజమే చెప్పాడన్నమాట. అది తెలిసీ నా మనసు కుదుట పడలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. "బిడ్డా, అది ఎండకు పగలలే," అన్నాను.

చెల్లెలు నా మాట పూర్తి కానివ్వలేదు. "ఎరుకే అవ్వా. అతికేటప్పుడు లోపట తునికాకు పొట్టు రాలింది. వడ్లాయన గిదేందని అడిగిండు. మా అన్న ఒకటే నవ్వుడు. మా అవ్వ ఆకుకు చేసే మర్యాద నా గిటారుకు గూడ చేసింది అన్నడు."

తెలుసు. అతనికి మొదటి రోజే తెలుసు, ముక్కు పెట్టి వాసన చూసినప్పుడే. లవంగం తీసుకుని నమిలినట్టే నా అబద్ధాన్ని కూడా తీసుకున్నాడు. అప్పుడు నాలుగో రోజు నేను అడిగాను కాబట్టి నిజం చెప్పాడు. ఈసారి నేను అడగలేదు. అడుగుతానని ఎదురుచూశాడేమో. నేనేమో అతను ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఒకే గోడకు అటు ఒకరం ఇటు ఒకరం, ఇద్దరం నోరు మూసుకుని. ఆ మీదట నేనే అతన్ని పంపించేశాను. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో చెప్పలేను.

చెల్లెలు చాయ్ పెడతానని లేవబోయింది. నేను వద్దన్నాను. పలకను దింపమన్నాను. దింపి నా ఒళ్లో పెట్టింది. ఇంత బరువుంటుందని అనుకోలేదు. నిలువుగా ఎత్తి, ఆ నునుపు గుంటలో నా దవడ ఆనించాను.

"ఒక తీగ కొట్టు," అన్నాను.

"నాకు రాదవ్వా."

"వచ్చినట్టే కొట్టు."

ఆమె బొటనవేలితో లావు తీగను ఒకటి లాగి వదిలింది. గదిలో ఏమీ వినబడలేదు, బయట ఆటో చప్పుడు తప్ప. నా దవడలో మాత్రం గంట మోగింది. నాలుగు పళ్లూ కదిలాయి. కంటి వెనుక నుంచి నెత్తి దాకా పాకింది, మెడ కిందికి దిగింది. చప్పుడు చేయొద్దని షరతు పెట్టి గదిచ్చాను. మూడేళ్లు నా ఇంట్లో ఇంత చప్పుడయింది. నేను గోడకు ఇవతల కూర్చుని బీడీలు లెక్కపెట్టుకున్నాను.

"సాలా అవ్వా?" అంది చెల్లెలు.

నేను దవడ తీయలేదు. "ఇంకోటి కొట్టు," అన్నాను.